మీ అంకుల్‌కి చెప్పమ్మా

ఇటీవల ఇక్కడ కెనడాలో, మార్కమ్ అనే ఊళ్లో ఒక మిత్రుల ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, తన పక్కనే కూర్చున్న భార్యవైపు తల కూడా తిప్పకుండా, వడ్డిస్తున్న అమ్మాయితో "మీ ఆంటీని అడుగమ్మా, ఇవాళ నేను ఒక బొబ్బట్టు తినవచ్చునో లేదో" అన్నారు. ఆవిడ కూడా ఆయనవైపు చూడకుండా, అదే అమ్మాయితో, "పొద్దున్నే వేలు పొడుచుకుని షుగర్ చూసుకున్నది ఆయనే కదా, నన్నడగడం దేనికి అని చెప్పు" అన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన ఆ పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "అంకుల్, షీ ఈజ్ రైట్ హియర్!" అంది. పంక్తి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ తరువాత అన్నం సహించలేదు. అలా ఇద్దరి మధ్య నిలబడి మాటలు అందించిన రోజులు నా జీవితంలోనూ ఉన్నాయి. వాటిని గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయాలనిపిస్తోంది.

నేను చదువుకోవడానికి లండన్ వచ్చిన కాలంలో ఆ ఊరు విద్యార్థులతో కిక్కిరిసి ఉండేది. అది కెనడాలోని లండన్ అని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ మాత్రం నన్ను ఇంగ్లండు పంపినట్టే ఊళ్లో చెప్పుకునేది. యూనివర్సిటీ వైపు వెళ్లే బస్సు ఎక్కితే వెనుక సీట్లలో గుంటూరూ వరంగల్లూ కడపా ఒకేసారి వినిపించేవి. ఇంటి బేస్‌మెంట్లలో పరుపుకు పరుపు ఆనించి పడుకునేవాళ్లం. ఎక్కడైనా ఒక కొట్టువాడు పార్ట్‌టైమ్‌కు మనుషులు కావాలని బోర్డు పెడితే, మంచులో సైతం వరుస కట్టి నిలబడేవాళ్లం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా నాన్న మదనపల్లె దగ్గర టమోటా మండీలో హమాలీ. ఆయన మోసిన గంపల బరువు నా సూట్‌కేసులో ఉన్నట్టు అనిపించేది. అందువల్ల ఎవరితోనైనా ఆచితూచి మాట్లాడేదాన్ని, ఎక్కడైనా అంచున కూర్చునేదాన్ని. అటువంటి రోజుల్లో, గుడిలో ప్రసాదం పంచుతూ పరిచయమైన ఒకావిడ నన్ను డాక్టరు సాంబశివరావు గారి ఇంటికి తీసుకువెళ్లింది. వారింట్లో కింద గది ఖాళీగా ఉందనీ, వంటలో కాస్త సాయంగా ఉండే తెలుగమ్మాయి కోసం చూస్తున్నారనీ చెప్పింది.

సాంబశివరావు గారిది కృష్ణా డెల్టా. ఊపిరితిత్తుల వైద్యులుగా ఆ ఊళ్లోనే దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అన్నది మాటకే. ప్రతి ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, వెళ్లవలసిన చోటు లేని మనిషి కిటికీ దగ్గర నిలబడి ఆ రోజు గాలివానల సంగతి రేడియోలో వినేవారు. ఆయన భార్య శకుంతల గారు సన్నగా, చురుగ్గా, కళ్లతో నవ్వే మనిషి. తెల్లవారగానే ఆ ఇంటి మెట్ల మీదుగా కాఫీ డికాక్షన్ వాసన కింద నా గదిలోకి దిగి వచ్చేది. దాని వెనుకనే ఇంగువ తాలింపు వచ్చేది. బియ్యం కడిగిన నీళ్లను ఆవిడ వృథాగా పోయనిచ్చేవారు కాదు. కిటికీలోని కరివేపాకు మొక్కకు పోసేవారు. ఆ మొక్కను చలికాలమంతా కొడుకును సాకినట్టు సాకేవారు. అసలు కొడుకు కిరణ్ మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. మంచివాడే. ఫోను చేసేవాడు, పండుగలకు వచ్చేవాడు. వచ్చినా తల్లి తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు.

ఆ ఇంట్లో అడుగు పెట్టిన మొదటి వారమే నేనొక పొరపాటు పడ్డాను. భోజనాల బల్ల దగ్గర డాక్టరు గారు నాతో, "ఈశ్వరీ, మీ ఆంటీకి చెప్పు, పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయిందని" అనేవారు. ఆంటీ ఆయనకు ఎదురుగానే ఉండేవారు. "మీ అంకుల్‌కి చెప్పమ్మా, ఉప్పు మరిచింది నేను కాదు, బీపీ తెచ్చుకున్నది ఆయన" అని ఆవిడా నాతోనే అనేవారు. మా ఇంట్లో మాట నేరుగా రాయిలాగా వచ్చి పడేది. "ఏమయ్యా, చెవుల్లో సీసం పోసుకున్న్యావా?" అని మా అమ్మ వీధి ఆ చివర నుంచి అరిస్తే, ఈ చివర నుంచి మా నాన్న అంతకంటె పెద్దగా అరిచేవాడు. మాటలు మానేశారంటే మా వైపు అది పెద్ద తగువే. కాబట్టి ఈ దంపతులు పోట్లాడుకుని ముఖాలు చూసుకోవడం లేదని నేను నిశ్చయించుకున్నాను. ఒక సాయంత్రం బీన్స్ తుంచుతూ, నాకు చేతనైనంత మర్యాదగా, "ఆంటీ, పెద్దవాళ్లకి చెప్పేంతదాన్ని కాదు. అంకుల్ చాలా మంచివారు. మీరే ముందుగా ఒక మాట మాట్లాడితే ఆయన కరిగిపోతారు" అన్నాను.

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూశారు. తరువాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఏవిటీ, మేము మాట్లాడుకోవట్లేదనుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కొత్తగా కాపరానికి వెళ్లినప్పుడు మా అత్తగారి ముందు ఆయనతో మాట్లాడితే తప్పు. మా ఆడపడుచుతో చెప్పించేదాన్ని. అదే అలవాటైపోయింది. ఈ దేశం వచ్చాక కిరణ్‌తో చెప్పించేదాన్ని. వాడు మాటని ఇంగ్లీషులోకి దింపేసరికి అందులో పులుపూ కారం రెండూ పోయేవి. నువ్వు వచ్చాక మళ్లీ నోటికి రుచి తెలుస్తోందమ్మా." తరువాత లోపలి గది వైపు గొంతెత్తి, "ఈశ్వరీ, మీ అంకుల్‌కి కూడా చెప్పు, మా ఇద్దరికీ రాజీ కుదిర్చావని" అన్నారు. లోపలి నుంచి డాక్టరు గారి నవ్వు వినిపించింది. ఆ నవ్వు నేను వినడం అదే మొదలు.

అప్పటి నుంచి ఆ పని నాదైంది. క్లాసు స్నేహితురాలు ఒకతె, "అద్దెకున్నావా, పోస్టాఫీసు పెట్టుకున్నావా?" అని ఎగతాళి చేసేది. ఆ పనికీ ఒక నియమం ఉందని త్వరలోనే తెలిసింది. ఒకసారి డాక్టరు గారు "వంకాయ మాడ్చిందని చెప్పు" అంటే, నేను "వంకాయ కొద్దిగా ఎక్కువ వేగిందేమో ఆంటీ" అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ఆయన ఎలా అంటే అలాగే చెప్పు. మధ్యలో నువ్వు చక్కెర కలపకు. ఆయన మాట నాకు ఆయన మాటలాగే కావాలి" అన్నారు. ఆ తరువాత నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. విన్నది విన్నట్టు అప్పజెప్పేదాన్ని. ఇద్దరూ నా వంక చూస్తూ మాట్లాడుకునేవారు. కోపమూ, పరాచికమూ, జాలీ నా మీదుగా అటూ ఇటూ నడిచేవి.

ఆవిడకు జబ్బు చేసినట్టు తెలిసింది నా రెండవ ఏడాదిలో. కడుపులో పుట్టి, కాలేయానికి పాకిన పుండు. పేరు డాక్టరు గారు ఒక్కసారి మాత్రమే పలికారు, అదీ ఇంగ్లీషులో, ఫోనులో కొడుకుతో. చికిత్స కొన్ని విడతలు జరిగింది. జుట్టు పోయింది, నాలుక రుచి పోయింది. ఇంగువ వాసన వస్తే ఆవిడ గది తలుపు వేసుకునేవారు. కాబట్టి ఆ ఇంట్లో తాలింపు ఆగిపోయింది. మొదటి మందు పనిచేయలేదన్నారు. కొత్త మందు మొదలుపెట్టే ముందు ఒంటికి కొంత వ్యవధి ఇవ్వాలన్నారు. ఆ వ్యవధిలోనే, ఎన్నో ఏళ్ల క్రితం రిటైరైన సంబరంలో కొని, ఇంటి పక్కన కవరు కప్పి ఉంచిన, మంచమూ పొయ్యీ ఉన్న మోటర్‌హోమ్ సంగతి ఆంటీ ఎత్తారు. "మీ అంకుల్‌కి చెప్పమ్మా, బండి కొన్నప్పుడు ఎడారి చూపిస్తాననీ, మనిషి మునగని చెరువు చూపిస్తాననీ అన్నారు. ఇల్లంత బండి కొని ఇంటి పక్కనే పెట్టుకున్న మనిషి ఈయనొక్కడేనని చెప్పు."

కిరణ్ ఫోనులో గొడవ చేశాడు. "డాడ్, దిస్ ఈజ్ నాట్ ద టైమ్. షీ నీడ్స్ రెస్ట్" అనడం స్పీకరులో నాకూ వినిపించింది. డాక్టరు గారు "షీ వాంట్స్ ఇట్, కిరణ్" అని మాత్రం అన్నారు. నాకు వేసవి సెలవులు. నన్ను రమ్మన్నారు. దారిలో వంటకూ, ఆవిడకు తోడుకూ అన్నారు. నేనూ అందుకే అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే, వాళ్లిద్దరే ఆ బండిలో అంత దూరం వెళ్లి ఉంటే దారి పొడుగునా ఒక్క మాటైనా మాట్లాడుకోగలిగేవారా అని అనుమానం కలుగుతుంది.

ఆ ప్రయాణమంతా నా జ్ఞాపకంలో ఒకే పొడవాటి గదిలాగా ఉంది. ముందు స్టీరింగ్ దగ్గర డాక్టరు గారు, ఇస్త్రీ చొక్కాతోనే. వెనుక మంచం మీద దిండ్లకు ఆనుకుని ఆంటీ. మధ్యలో బల్ల దగ్గర నేను. ఇంజను హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించదు. కాబట్టి ఇంట్లో అలవాటుగా సాగిన పని అక్కడ అవసరమైంది. ఒంటారియోలో పెద్ద సరస్సు అంచున అడవులు రోజుల తరబడి సాగాయి. తరువాత చెట్లు పలచబడి, నేల చదునై, ఆకాశం మరీ పెద్దదైపోయింది. "మీ అంకుల్‌కి చెప్పు, ఇంత ఆకాశం నాకొద్దు, ఎక్కడైనా ఒక చెట్టు చూపించమను." "మీ ఆంటీకి చెప్పు, అది గవర్నమెంటుని అడగాలని." ఒక మలుపులో ఆవకాయ జాడీ బల్ల మీద నుంచి దొర్లి నా ఒడిలో పడింది. ఆంటీ, "జాడీ బతికిందా?" అని అడిగారు. నన్ను గురించి అడగలేదు. బండిలో వాడిన నీళ్లన్నీ అడుగున ఒక ట్యాంకులో చేరతాయి. మనం బియ్యం మూడు సార్లు కడుగుతాము, ప్రతిదానికీ చెంబు వాడతాము, కాబట్టి ఆ ట్యాంకు ఎప్పుడూ ముందే నిండిపోయేది. ప్రతి క్యాంపు స్థలంలో డాక్టరు గారు గ్లవ్స్ తొడుక్కుని ఆపరేషనుకు వెళ్లినంత గంభీరంగా వెళ్లి దానిని ఖాళీ చేసి వచ్చేవారు. "ఇన్నేళ్ల ప్రాక్టీసు చివరికి ఇందుకు పనికొచ్చిందని చెప్పు" అని వెనుక నుంచి ఆవిడ నవ్వేవారు. ఆవిడ నవ్వినప్పుడల్లా ఆయన అద్దంలోకి చూసేవారు. వెనుక వచ్చే బండ్ల కోసం పెట్టిన అద్దం కాదది. ఆయన దానిని మంచం కనిపించేలా వంచి పెట్టుకున్నారు.

ఆల్బర్టాలో, డాక్టరు గారు ఎడారి అన్న ఆ లోయలు వచ్చేదాకా అవి వస్తున్నట్టు తెలియదు. ఎటు చూసినా గోధుమ చేలు, గీత గీసినట్టు రోడ్డు. ఉన్నట్టుండి నేల తెగి లోపలికి దిగిపోతుంది. కింద బూడిద రంగు, ఇటుక రంగు, నల్లని బొగ్గు చారలతో, ఎవరో పొరపొరలుగా పేర్చి మధ్యకు కోసినట్టు గుట్టలు. గడ్డి లేదు, నీడ లేదు. తలపై రాతి గొడుగులు పెట్టుకుని నిలబడిన మట్టి స్తంభాలు కొన్ని ఉన్నాయి. ఆంటీ వాటిని చూసి, "ఇవేవో పాముపుట్టల్లా ఉన్నాయి. పాలు తెచ్చామా?" అన్నారు. నేను, "మా వైపు ఏరు కొండను కోసుకుని పోయిన చోటుని గండి అంటాం ఆంటీ. అక్కడ దేవుడుంటాడు. అన్నం మూట కట్టుకుని పోతాం" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "గండికి అన్నం మూట కట్టుకుని పోవడమా! మా వైపు గండి పడిందంటే కాలవ కట్ట తెగిందని. ఇళ్లు వదిలేసి పరిగెత్తేవాళ్లం. ఒకసారి తెగిందా, ఇసక బస్తాలు వేసిన కొద్దీ కొట్టుకుపోతూనే ఉంటుంది. మగాళ్లంతా వేస్తూనే ఉంటారు, పాపం."

మేము లోయ అంచున కర్ర కంచె దగ్గర మడత కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టాము. డాక్టరు గారు నాలుగు అడుగుల దూరంలో నిలబడి, "ఒక్కో చార ఒక్కో యుగమని మీ ఆంటీకి చెప్పు" అన్నారు. నేను చెప్పాను. ఆవిడ లోయలోకే చూస్తూ, ఉప్పు సంగతి చెప్పిన గొంతుతోనే, "మీ అంకుల్‌కి చెప్పమ్మా, తిరిగి వెళ్లాక నేనిక ఆ కొత్త మందు వేయించుకోనని. ఇంట్లో ఉంటానని" అన్నారు.

గాలి మా వైపు వీస్తోంది. ఆయనకు వినపడి ఉండకపోవచ్చు. ఆవిడ నా వంక చూసి, "చక్కెర కలపకు" అన్నారు. నేను ఆ నాలుగు అడుగులూ నడిచాను. మండీ హమాలీ కూతురిని, ఆ ఇంట్లో అద్దెకున్నదాన్ని, ఒక భర్తకు ఇటువంటి మాట అందించడానికి నాకు ఏ అధికారముందో తెలియలేదు. అయినా అక్షరం మార్చకుండా చెప్పాను. ఆయన లోయ వైపు నుంచి కళ్లు తిప్పలేదు. జేబులోని పెన్ను తీసి, మూత విప్పి, మళ్లీ పెట్టారు. "గాలి చల్లబడుతోంది. శాలువా కప్పుకోమని మీ ఆంటీకి చెప్పు" అన్నారు. నేను వెనక్కు వచ్చి అదే చెప్పాను. ఆవిడ తలూపి శాలువా కప్పుకున్నారు. ఇంకేమీ అడగలేదు. ఆ లోయ ఎంత అందమైనదని తరువాత ఎవరు చెప్పినా నాకు ఆ శాలువా గుర్తుకు వస్తుంది. దాని అంచు గాలికి ఎగురుతుంటే ఆవిడ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

ఆ తరువాత రెండు మూడు రోజులు అన్నీ మామూలుగానే సాగాయి. కూర సంగతి, ట్యాంకు సంగతి, దారి సంగతి. అడగవలసిన ఒక్క మాటా ఎవరూ అడగలేదు. ఒకసారి నేనే ధైర్యం చేసి, డాక్టరు గారు బండికి పెట్రోలు పోస్తుండగా దగ్గరకు వెళ్లి, "అంకుల్, ఆంటీ ఆ రోజు అన్నది..." అని మొదలుపెట్టాను. ఆయన కోప్పడలేదు. "ఈశ్వరీ, నేను డాక్టర్‌ని. ఎంతోమంది భర్తలకి, ఎంతోమంది కొడుకులకి 'ఇక చాలు, ఇంటికి తీసుకెళ్లండి' అని చెప్పాను. చాలా మర్యాదగా చెప్పేవాణ్ణి. వాళ్లు నా ముఖం వంక ఎందుకలా చూసేవాళ్లో నాకు అర్థమయ్యేది కాదు" అన్నారు. పంపు ఆగిపోయినా దానిని ఇంకా పట్టుకునే నిలబడ్డారు.

మునగని చెరువు తిరుగు దారిలో, సస్కాచువాన్‌లో ఉంది. చుట్టూ పొడి కొండలు, మధ్యలో తుప్పు రంగు నీళ్లు, ఒడ్డున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆ నీటిలో ఉప్పు ఎంతంటే ఈత రానివాళ్లు కూడా బెండులాగా తేలుతారు. ఆంటీ ఏళ్ల తరబడి కోరుకున్నది దీనినే. "కాలవ ఒడ్డున పుట్టి ఈత రానిదాన్ని. మగపిల్లలు దూకుతుంటే వాళ్ల చొక్కాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డం మా పని. ఒక్కసారి నీళ్ల మీద పడుకుంటే ఎలా ఉంటుందో చూడాలమ్మా" అని దారిలో ఎన్నోసార్లు అన్నారు. కానీ మందు ఎక్కించడానికి ఆవిడ చేతికి అమర్చిన సన్నని గొట్టం తడవకూడదు. ఆ సంగతి ఆవిడకు ముందే తెలుసునేమో. ఒడ్డుకు చేరాక డాక్టరు గారు ఆ మాట చెప్పబోయి, నా వంక చూసి, చెప్పలేక తల దించుకున్నారు. ఆవిడే, "తెలుసని చెప్పు. పాదాలు పెట్టుకుంటాను చాలు. నా బదులు ఆయన్ని దిగమను" అన్నారు.

మొదట ఆయన ససేమిరా అన్నారు. తరువాత బండిలోకి వెళ్లి, ఎప్పటివో నిక్కరూ బనీనూ తొడుక్కుని వచ్చారు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఆయనను చూడటం నాకదే మొదటిసారి. సన్నని కాళ్లు, తెల్లని రోమాలు. నీళ్లలో నడుము లోతు వెళ్లి కూర్చోబోయేసరికి కాళ్లు రెండూ వాటంతటవే పైకి లేచాయి. మనిషి వెల్లకిలా పడ్డారు. లేవబోతే పాదాలు అడుగుకు ఆనవు. చేతులు కొట్టినా, నడుము తిప్పినా, ఆ నీళ్లు ఆయనను కింద నిలబడనివ్వలేదు, మునగనివ్వలేదు. "మీ అంకుల్‌కి చెప్పు, బొద్దింక తిరగబడినట్టుందని!" అని ఆంటీ పకపకా నవ్వారు. జుట్టు లేని తల మీది స్కార్ఫ్ జారిపోయినా పట్టించుకోలేదు. ఆయనా నవ్వారు. చివరికి ప్రయత్నం మానుకుని చేతులు రెండు పక్కలా చాచి పడుకున్నారు. చెవుల దాకా తల నీళ్లలో ఉంది. కళ్లు మూసుకున్నారు.

ఆవిడ నవ్వు ఆగింది. కుర్చీని నీటి అంచుకు ఇంకొంచెం జరపమన్నారు. జరిపాను. పాదాలు నీళ్లలో పెట్టుకుని, ముందుకు వంగారు. నా వంక చూడలేదు. "ఏవండీ" అన్నారు. నేను ఆ ఇంట్లో ఉన్నంత కాలంలో ఆవిడ ఆయనను నేరుగా పిలవడం వినలేదు. గొంతు కొత్త పెళ్లికూతురి గొంతులాగా ఉంది. "ఏవండీ, ఇక చాలు. నాకు ఓపిక లేదు. మానేస్తే మీకు నచ్చదని ఇన్నాళ్లూ మందు వేయించుకున్నాను. నన్ను మన ఇంట్లో ఉండనివ్వండి. తాలింపు వాసన మళ్లీ రానివ్వండి. పక్కన కూర్చోండి చాలు." ఆయన కదలలేదు. నీళ్లు మాత్రం ఆయనను మెల్లగా కొంచెం పక్కకు తిప్పాయి. నేను ఎటు చూడాలో తెలియక ఒడ్డు మీది ఉప్పు వంక చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి ఆయన మోకాళ్ల మీద పాకుతూ ఒడ్డుకు వచ్చారు. నేను తువ్వాలు అందించాను. చాలాసేపు ముఖం తుడుచుకున్నారు. కళ్లు బాగా ఎర్రబడ్డాయి. ఆ నీళ్లలో ఉప్పు అంత. నేను ఇంకా నోరు తెరవలేదు. ఆంటీ ఏదో అన్నారని కూడా చెప్పలేదు. ఆయన తువ్వాలులో నుంచే, "మీ ఆంటీకి చెప్పు తల్లీ. చెవులు నీళ్లలో ఉన్నాయి. నాకేమీ వినపడలేదని చెప్పు" అన్నారు.

నన్ను ఆయన తల్లీ అనడం అదే మొదలు. ఇద్దరికీ మధ్య ఒక కుర్చీ పట్టేంత జాగా కూడా లేదు. నేను ఆవిడ వైపు తిరిగి, నియమం ప్రకారం, "అంకుల్‌కి ఏమీ వినపడలేదట ఆంటీ" అన్నాను. ఆవిడ ఆయన వీపు వంక చూశారు. వీపు మీద ఉప్పు అప్పుడే తెల్లగా పొడిబారుతోంది. "సరేనమ్మా" అన్నారు. "తల బాగా తుడుచుకోమని చెప్పు. జలుబు చేస్తుంది."

లండన్ చేరాక కొత్త మందు మొదలైంది. ఆవిడ కాదనలేదు. ఆసుపత్రి కారిడారులో ఆ ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చుని నేను పరీక్షలకు చదువుకున్నాను. ఆకులు రాలకముందే ఆవిడ మంచం దిగడం మానేశారు. మొదటి మంచు పడిన వారంలో, ఇంట్లో కాదు, ఆసుపత్రిలోనే పోయారు. ఆ కొత్త మందుకు నేను అడ్డుపడగలిగేదాన్నా అని ఎన్నోసార్లు ఆలోచించాను. లేదు. మాట అందింది. అందలేదని చెప్పడానికి మనిషికి ఎంత బలం కావాలో, అది బలమో బలహీనతో, నాకు ఈనాటికీ తేలలేదు. ఆ తరువాత నేను చదువు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. డాక్టరు గారు నన్ను ఎప్పటిలాగే ఆదరించారు. కానీ ఇద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే ఆయనకు మాట దొరికేది కాదు. ఆ పెట్రోలు పంపు దగ్గర తప్ప అంతకాలం ఆయన నాతో మాట్లాడనే లేదని, ఆవిడతోనే మాట్లాడారని అప్పుడు తెలిసింది. కొన్నేళ్లకు ఆయనా వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను ఒషావాలో ఉంటున్నాను. నా భర్తది కరీంనగర్. పేరు పెట్టే పిలుస్తాను. ఏం కావాలన్నా, ఏం నచ్చకపోయినా ముఖం మీదే చెప్పుకుంటాము. మధ్యలో ఎవరూ అక్కరలేదు. మా పాపతో "నాన్నకు చెప్పు" అంటే, "యూ టెల్ హిమ్" అంటుంది. అది మంచిదే. ఆ తరం వారి చాటుమాటలు మాకు నవ్వు తెప్పిస్తాయి, వాటిలో స్త్రీలు ఎంత అణిగి ఉన్నారో కూడా కనిపిస్తుంది. మేము వారికంటె చాలా ముందుకు వచ్చామని నేనూ నమ్ముతాను. కాని ఈమధ్య నా భర్త ఆసుపత్రిలో ఒక పరీక్ష చేయించుకుని ఇంటికి వచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. ఆ సాయంత్రం సోఫాలో ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాము. నేరుగా మాట్లాడుకునే అలవాటున్న ఇద్దరం, టీవీ కట్టేసి, ఒకరినొకరు చూసుకుంటూ ఎంతోసేపు అలాగే ఉండిపోయాము. మా మధ్య చోటు ఖాళీగా ఉంది.